చలానా అని తెరిస్తే ఫోన్‌లో ఏదో యాప్ దూరింది... ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మా వారి వాట్సాప్‌కి తెలిసిన మెకానిక్ నంబరు నుంచి ‘ఆర్‌టీవో చలాన్’ అని ఒక ఫైల్ వచ్చింది. బండి మీద చలానా పడిందేమోనని తెరిచారు. ఏదో ఇన్‌స్టాల్ అయింది గానీ తెర మీద ఏమీ కనిపించలేదు. డబ్బులైతే ఇంకా పోలేదు. ఆ ఫోన్ వాడొచ్చా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: వాడకండి. ఆ ఫోన్‌ని వెంటనే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, వైఫై కూడా ఆపేయండి. మీవారు తెరిచింది చలానా కాదు, ‘ఏపీకే’ ఫైల్. అంటే ప్లేస్టోర్‌తో సంబంధం లేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్. ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడుగుతుంది. ‘అలౌ’ నొక్కితే చాలు, బ్యాంకు పంపే ఓటీపీలు అవతలివాడికి చేరిపోతుంటాయి. చాలా వాటికి ఐకాన్ కూడా కనపడదు. డబ్బు ఇంకా పోలేదు కదా అని ఊరుకోవద్దు. కార్డు నంబరో, నెట్ బ్యాంకింగ్ వివరాలో చిక్కేదాకా వాళ్లు కాచుకుని ఉంటారు.

తర్వాత సిమ్ తీసి మరో ఫోన్‌లో వేయండి. దాంతో ఓటీపీలు ఆ ఫోన్‌కే వస్తాయి. డెబిట్ కార్డు వెనక ముద్రించిన నంబరుకు ఫోన్ చేసి కార్డు, యూపీఐ, నెట్ బ్యాంకింగ్ మూడూ ఆపమనండి. గూగుల్‌లో వెతికి దొరికిన కస్టమర్ కేర్ నంబరుకు మాత్రం చేయొద్దు, అక్కడ కూడా నకిలీలున్నాయి. పాస్‌వర్డులు మార్చేది కూడా ఈ రెండో ఫోన్ నుంచే.

ఇక యాప్‌ను తీసేయడం. సెట్టింగ్స్‌లో యాప్స్ జాబితా మొత్తం చూడండి. మీరు వేసుకోని పేరు, ఆ రోజే ఎక్కిన యాప్ ఉంటే అదే. ‘అన్‌ఇన్‌స్టాల్’ బటన్ పనిచేయకపోతే అది అడ్మిన్ హక్కు తీసుకుని ఉండొచ్చు. సెట్టింగ్స్‌లో ‘డివైస్ అడ్మిన్ యాప్స్’ అని వెతికి, అక్కడ దాని టిక్ తీసేసి మళ్లీ ప్రయత్నించండి. అప్పటికీ పోకపోతే సేఫ్ మోడ్‌లో (మనం వేసుకున్న యాప్‌లు పనిచేయని స్థితి) ఫోన్ ఆన్ చేసి తీయండి. ఇంత చేసినా ఫొటోలు, కాంటాక్టులు కాపీ చేసుకుని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టడమే మేలని మా సలహా. ఒక యాప్ కనపడింది కదా అని రెండోది లేదనుకోలేం.

మెకానిక్ కావాలని పంపి ఉండడు. ఆయన ఫోన్‌లోనూ ఇదే ఎక్కి, ఆయన కాంటాక్టులన్నిటికీ దానంతట అదే వెళ్లి ఉంటుంది. ఆయనకు ఫోన్ చేసి చెప్పండి. మీవారి నంబరు నుంచి ఎవరెవరికి వెళ్లిందో చూసి వాళ్లకీ చెప్పండి. వాట్సాప్‌లో ‘లింక్డ్ డివైసెస్’ తెరిచి, తెలియని పరికరం ఉంటే లాగౌట్ చేయండి.

అసలు చలానా ఎప్పుడూ యాప్ రూపంలో రాదు. అనుమానముంటే ఈచలాన్.పరివాహన్.గవ్.ఇన్ అని మీరే ఇంగ్లిష్‌లో టైప్ చేసి, బండి నంబరు కొట్టి చూసుకోండి. ఇంకొక్క పని: సెట్టింగ్స్‌లో ‘ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్’ తెరిచి, వాట్సాప్‌కి, బ్రౌజర్‌కి ఆ అనుమతి ఆఫ్ చేయండి. ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లలో ఇది తప్పకుండా చేసి పెట్టండి.

ప్రశ్న: బ్యాంకు మెసేజ్ అసలుదో నకిలీదో పంపినవారి పేరు చూసి చెప్పొచ్చా?
– ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: కొంతవరకే. మన దేశంలో సంస్థలు మెసేజ్‌లు పంపాలంటే టెలికాం నియంత్రణ సంస్థ ‘ట్రాయ్’ నిబంధనల ప్రకారం ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మొదట రెండు అక్షరాలు (టెలికాం కంపెనీ, సర్కిల్), గీత, ఆ తర్వాత సంస్థ పేరు ఉంటాయి. 2025 నుంచి చివర మరో అక్షరం కూడా వస్తోంది: ‘పి’ ఉంటే ప్రకటన, ‘ఎస్’ అంటే సర్వీసు, ‘టి’ అంటే లావాదేవీ, ‘జి’ అంటే ప్రభుత్వం. కాబట్టి మామూలు పది అంకెల నంబరు నుంచి ‘మీ ఖాతా బ్లాక్ అవుతుంది, కేవైసీ చేయండి’ అని వస్తే అది బ్యాంకు కాదు, డిలీట్ చేయండి. ‘మీ ఖాతాలో 10,000 జమ’ అని అలాంటి నంబరు నుంచే వచ్చి, వెంటనే ఎవరో ఫోన్ చేసి ‘పొరపాటున పడ్డాయి, తిరిగి పంపండి’ అన్నా అంతే. మెసేజ్ చూసి కాదు, బ్యాంకు యాప్‌లో బ్యాలెన్స్ చూసి మాట్లాడండి.

పేరు సరిగ్గా ఉన్నా లింకు నొక్కొద్దనే చెబుతాం, ఎందుకంటే నమోదైన పేర్లనూ దుర్వినియోగం చేసినవాళ్లున్నారు. లింకు చదవాల్సి వస్తే మొదలు కాదు, మొదటి ఒంటి స్లాష్‌కు ముందున్న తోక చూడండి. రిజర్వ్ బ్యాంకు ఆదేశంతో బ్యాంకుల చిరునామాలు ‘.బ్యాంక్.ఇన్’ అనే తోకలోకి మారాయి. ‘ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్’ బ్యాంకుది, ‘ఎస్‌బీఐ.బ్యాంక్.ఇన్.కేవైసీ.టాప్’ అని ఉంటే, ముందు ఎంత నమ్మకంగా కనిపించినా, అది ఆ ‘టాప్’ వాడిది.

ప్రశ్న: ‘బిల్లు అప్‌డేట్ కాలేదు, ఈ రాత్రి 9.30కి కరెంటు కట్’ అని వచ్చింది. నిజంగా ఫ్యూజు పీకేస్తారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: పీకరు. 2003 విద్యుత్ చట్టంలోని 56వ సెక్షన్ ప్రకారం, బకాయి ఉన్నా సరే, 15 రోజుల గడువుతో రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మీకొచ్చిన మెసేజ్‌లోని ‘ఆఫీసర్’ నంబరుకు చేస్తే ఎనీడెస్క్ లాంటి యాప్ వేయించి, మీ తెర చూస్తూ పది రూపాయలు కట్టమంటాడు. వాడికి కావలసింది ఆ పది కాదు, మీరు కొట్టే పిన్. సందేహముంటే కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చేయండి.

ప్రశ్న: డాలస్‌లో ఉన్న మా అమ్మాయికి ‘టోల్ బాకీ ఉంది, వై అని రిప్లై ఇచ్చి మళ్లీ తెరవండి’ అని ఐఫోన్‌కి వస్తోంది. ఆ ‘వై’ ఎందుకు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: తెలియని నంబరు నుంచి ఐమెసేజ్‌లో వచ్చిన లింకు, జవాబిచ్చేదాకా పనిచేయదు. ఆ తలుపు మన చేతే తీయించడానికే ‘వై’. జవాబివ్వకుండా ‘రిపోర్ట్ జంక్’ నొక్కమనండి, లేదా 7726కి ఫార్వర్డ్ చేయమనండి. అమెరికాలో అది స్పామ్ ఫిర్యాదు నంబరు. ఇక్కడ ‘మీ పార్శిల్ అడ్రసు సరిగా లేదు, 48 గంటల్లో సరిచేయండి’ అని ఇండియా పోస్ట్ పేరుతో వచ్చేదీ ఇలాంటిదే. మన దేశంలో ఇలాంటివాటిని టెలికాం శాఖ పోర్టల్ సంచార్ సాథీలోని ‘చక్షు’ విభాగంలో ఫిర్యాదు చేయవచ్చు.

ప్రశ్న: డబ్బు పోయాక ఎవరికి చెప్పాలి? బ్యాంకు తిరిగి ఇస్తుందా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. బ్యాంకు తెరిచేదాకా, తెల్లారేదాకా ఆగొద్దు. డబ్బు ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు దాటిపోకముందే ఆపించడానికే ఆ నంబరు ఉంది. యూటీఆర్ లేదా లావాదేవీ నంబరు, సమయం, మొత్తం దగ్గర పెట్టుకుని చేయండి. ఆ తర్వాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు చేసి, బ్యాంకుకు కూడా రాతపూర్వకంగా ఇచ్చి రసీదు తీసుకోండి.

తిరిగి రావడమంటారా, రిజర్వ్ బ్యాంకు 2017 నిబంధనల ప్రకారం తప్పు మీదీ బ్యాంకుదీ కాకపోతే, 3 పనిదినాల్లో చెప్పినవారికి నష్టమేమీ పడదు. ఓటీపీ, పిన్ మీరే ఇచ్చి ఉంటే మాత్రం ఫిర్యాదు చేసేదాకా పోయిన డబ్బు నష్టం మీదే. ఆ తర్వాత పోయేది బ్యాంకు భరించాలి. అందుకే సిగ్గుపడి ఇంట్లో దాచొద్దు, ప్రతి నిమిషమూ డబ్బే.

కొన్నాళ్లకు ‘మీ డబ్బు రికవర్ చేస్తాం, ముందు ఫీజు కట్టండి’ అని మెసేజ్ రావచ్చు. పోలీసులు ఫీజు అడగరు. ఆ నంబరును కూడా మీ పాత ఫిర్యాదులోనే చేర్పించండి.