నాగావళి ఇసుకలో దొరికిన తెల్లరాళ్ళు

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

శ్రీకాకుళంలో నాగావళి ఒడ్డున నువ్వు ఏరిన రాళ్ళ ఫోటోలు చూశాను. అవి వజ్రాలు కావు తల్లీ, పలుగురాళ్ళు. అయినా పారేయకు.

రంగు చూసి రాయికి పేరు పెట్టకు. లోపల చిక్కుకున్న అతి సన్నని నీటి బుడగలు వెలుతురును చెదరగొట్టడం వల్ల పలుగురాయి పాలలా కనిపిస్తుంది. ఇనుము మరక పడితే అదే రాయి పసుపుగానో, ఎర్రగానో ఉంటుంది. ఎక్కడైనా పెచ్చు లేచిందేమో చూడు. పలుగురాయి గాజు పెంకులా వంపు తిరిగి విరుగుతుంది. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజం అలా కాదు, నున్నని పలకలుగా, మెట్లు మెట్లుగా విరుగుతుంది. ఎండలో తిప్పితే ఆ పలక ఒక్కసారిగా తళుక్కుమంటుంది. ఈ తేడా తెలియక ఒక ఫెల్డ్‌స్పార్ ముక్కను ఏడాది పాటు పలుగురాయి అనుకుని దాచుకున్నాను. పగలగొట్టి చూడాలనిపిస్తే గోనెసంచిలో చుట్టి కొట్టు, కళ్ళద్దాలు మరచిపోకు.

తరువాత పాత సీసా మీద గీసి చూడు. గీత పడగానే సంబరపడకు, తడి వేలితో తుడువు. మెత్తని రాయైతే దాని పొడే గాజుకు అంటుకుని గీతలా కనిపిస్తుంది, తుడిస్తే పోతుంది. పలుగురాయి గీత గోటికి తగులుతుంది. 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో దాని కాఠిన్యం 7, గాజుది 5.5 దరిదాపుల్లో. ఫెల్డ్‌స్పార్‌ది 6 కనుక అదీ గాజును గీస్తుంది, అందుకే ముందు విరుపు చూడమన్నాను. సున్నపురాయిది 3 మాత్రమే. దాని పొడి మీద నిమ్మరసం వేస్తే నురగ వస్తుంది.

రాత్రి దీపాలన్నీ ఆర్పి, రెండు తెల్ల పలుగురాళ్ళను గట్టిగా రాపాడించు. రాళ్ళ లోపల మసక వెలుగు మెరుస్తుంది, కాలిన వాసన వస్తుంది. నీళ్ళలో రాపాడించినా ఆ వెలుగు వస్తుంది.

నాగావళి ఒడిశా కొండల్లో పుట్టి కళ్ళేపల్లి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన తూర్పు కనుమల్లోని ఖొండలైట్ రాతిలో పలుగురాయితో పాటు ఫెల్డ్‌స్పార్, గార్నెట్ అనే ఎర్రని ఖనిజం ఉంటాయి. వానకు, ఎండకు ఫెల్డ్‌స్పార్ క్రమంగా బంకమట్టిగా మారిపోతుంది. పలుగురాయి అలా చివికిపోదు, అరిగి గుండ్రమవుతుంది, చివరికి ఇసుక అవుతుంది. నువ్వు నడిచిన ఇసుకలో ఎక్కువ పాలు అదే.

ప్రతి రాయితోనూ దొరికిన చోటు, తేదీ రాసిన చీటీ పెట్టు. ఎర్ర చుక్కలున్న రాయిని మాత్రం పగలగొట్టకు. అవి గార్నెట్ గింజలేమో, సంక్రాంతికి వచ్చినప్పుడు నా భూతద్దంతో చూద్దాం.

మీ తాతయ్య