అల్జీమర్స్ ఉన్న అమ్మ ఒంటరిగా ఉంటున్నారు.. సెన్సర్లు పెడితే చాలా?

ప్రశ్న: మా అమ్మకు 74 ఏళ్లు. అల్జీమర్స్ తొలిదశలో ఉందన్నారు. సొంతింట్లో ఒంటరిగానే ఉంటానని పట్టుబడుతున్నారు. ఈమధ్య రెండుసార్లు స్టవ్ ఆర్పడం మరచిపోయారు. ఇంట్లో సెన్సర్లు అమర్చితే మేము నిశ్చింతగా ఉండొచ్చా?

జవాబు: సెన్సర్లు తప్పకుండా ఉపయోగపడతాయి గానీ, వాటిని నమ్ముకుని పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి వీల్లేదు. జరిగిన సంగతిని అవి తెలియజేస్తాయే తప్ప, పడిపోతున్న మనిషిని పట్టుకోలేవు. కాబట్టి అలారం మోగిన కొద్ది నిమిషాల్లో ఇంటికి చేరుకోగలవారు ఎవరన్నది ముందు తేల్చుకోండి. వారి దగ్గర తాళంచెవి కూడా ఉండాలి.

మీ అమ్మగారి విషయంలో ముప్పు స్టవ్‌తో మొదలైంది కనుక, దానంతట అదే ఆరిపోయే ఏర్పాటును, పొగనూ గ్యాస్ లీకునూ పసిగట్టే పరికరాలను మొదట పెట్టించండి. అన్నీ ఒకేసారి కొనేయాలన్న తొందర వద్దు. ఇంగ్లండ్‌లో డిమెన్షియా (అల్జీమర్స్ వంటి మతిమరుపు జబ్బులు) ఉన్న 495 మందిపై జరిగి, 2021లో ఫలితాలు వెలువడిన అటిలా అధ్యయనంలో, ఎక్కువ పరికరాలు అమర్చినంత మాత్రాన వారు సొంతింట్లో మరింత కాలం ఉండగలిగినట్లు తేలలేదు. పైగా ఊరికే మోగే అలారాన్ని కొన్నాళ్లకు ఎవరూ పట్టించుకోరు.

నా అనుభవంలో వీటి అసలు ప్రయోజనం రోజువారీ అలవాట్లలో వచ్చే మార్పును పట్టివ్వడంలో ఉంది. రాత్రి ఒక్కసారి లేచే మనిషి, వరుసగా రెండు మూడు రాత్రులు ఐదారుసార్లు బాత్రూమ్‌కు వెళ్లినట్లు మంచం దగ్గరి, తలుపు దగ్గరి సెన్సర్లలో నమోదైతే, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉందేమోనని అనుమానించాలి. డిమెన్షియా ఉన్నవారు మంటగా ఉందని చెప్పకపోవచ్చు, జ్వరమూ కనిపించకపోవచ్చు. ఒక్కసారిగా అయోమయం పెరగడమే తొలి లక్షణం కావచ్చు. మతిమరుపు ముదిరిందిలే అనుకుని వదిలేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి. మధ్యాహ్నం దాటినా ఫ్రిజ్ తలుపు తెరుచుకోకపోతే, భోజనం చేశారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.

ఆమె ఇంకా తొలిదశలోనే ఉన్నారు కనుక ఏ పరికరం ఎక్కడ పెడుతున్నారో, ఆ వివరాలు ఎవరెవరు చూస్తారో ఆమెకే విడమరచి చెప్పి, అంగీకారం తీసుకోండి. పడకగదిలో, బాత్రూమ్‌లో కెమెరాలు వద్దే వద్దు. కదలికను గుర్తించే సెన్సర్ చాలు.

రాత్రివేళ తలుపు తీసుకుని బయటకు వెళ్లిపోవడం, తరచూ పడిపోవడం, తిండి, మందులు తప్పిపోవడం మొదలైతే మాత్రం ఎన్ని సెన్సర్లున్నా సరిపోవు. అప్పుడు ఇంట్లో ఒక మనిషి తోడు ఉండి తీరాలి.