ముందు అన్నయ్యకు లెక్క చెప్పండి

ప్రశ్న: నాకు 31 ఏళ్లు. ఉద్యోగం మానేసి స్టార్టప్ పెట్టాను. అన్నయ్య తాను దాచుకున్న సొమ్ము పెట్టుబడిగా ఇచ్చాడు. మొదటి యాప్‌ను వాడేవాళ్లు పెరగకపోవడంతో రెండోది, తర్వాత మూడోది మొదలుపెట్టాను. మొదటిదే బాగా నడుస్తోందని ఆయన అనుకుంటున్నాడు. ఒక్కదాని మీదే దృష్టి పెట్టాలా, మూడూ నడపాలా?

జవాబు: రెండు వైపులా ఉదాహరణలు దొరుకుతాయి. 1997లో ఆపిల్‌కు తిరిగొచ్చిన స్టీవ్ జాబ్స్ అక్కడి ఉత్పత్తుల్లో చాలావాటిని ఆపేయించారు. ఆ రోజుల్లోనే ఆయన పిక్సార్ అనే యానిమేషన్ సినిమాల సంస్థకూ అధిపతి. మీకు ఒక్క యాప్ కూడా ఇంకా నిలదొక్కుకోలేదు, పని పంచుకునే మనుషులూ లేరు. ఒకటే ఉంచుకోండి. ఆ ప్రశ్న అంతటితో సరి.

నన్ను బాధపెట్టింది మీ ఉత్తరంలోని వేరే వాక్యం. అన్నయ్య ఇంటికి వస్తున్నాడని తెలిసిన రాత్రే మూడో యాప్‌కు డొమైన్ పేరు, అంటే ఇంటర్నెట్ చిరునామా, కొన్నానని రాశారు. అది ఆలోచన పండి మొదలుపెట్టిన పని కాదు. పాతదాని సంగతి చెప్పడానికి ముఖం చెల్లక వెతుక్కున్న చాటు. రెండోదీ అలాగే పుట్టి ఉంటుంది.

బయటివాళ్లు డబ్బు పెడితే నెలనెలా లెక్క అడిగేవారు. తమ్ముడివని ఆయన అడగలేదు. ఆ సొమ్ము ఇవ్వడానికి వదిన కూడా మనస్ఫూర్తిగా ఒప్పుకునే ఉంటుంది. ఇద్దరి నమ్మకాన్నీ అబద్ధంతో నెట్టుకొస్తూ ఆత్మగౌరవం ఎలా నిలుపుకుంటారు?

2012లో స్టీవర్ట్ బటర్‌ఫీల్డ్ బృందం గ్లిచ్ అనే ఆన్‌లైన్ ఆటను మూసేసింది. మిగిలిన సొమ్ము తిరిగి ఇచ్చేస్తామని పెట్టుబడిదారులకు ఆయనే చెప్పారు. ఉంచుకోమన్నది వాళ్లు. ఆ ఆట తయారుచేస్తూ తమలో తాము మాట్లాడుకోవడానికి కట్టుకున్న సాధనమే ఆ తర్వాత స్లాక్ అయింది, ఆఫీసుల్లో ఉద్యోగులు సందేశాలు పంపుకునే యాప్ అది. ఆట పోయిందన్న మాట డబ్బు ఇచ్చినవాళ్ల దగ్గర దాచలేదు, చూశారా!

ఫోనులో వద్దు, వెళ్లి ఎదురుగా కూర్చోండి. ఎంత వచ్చింది, దేనికి ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది, యాప్‌ను నిజంగా వాడేవాళ్లు ఎందరు, అన్నీ ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి. వదిననూ కూర్చోమనండి. ఏ యాప్ ఉంచాలో ఆయన్ను తేల్చమనకండి, అది మీ పని. కోప్పడతాడు, పడండి. మిగిలిన సొమ్ము వెనక్కి ఇమ్మంటే మారుమాట లేకుండా ఇచ్చేయండి. ఉద్యోగంలో చేరి, ఉంచుకున్న ఆ ఒక్క యాప్‌ను సాయంత్రాలు నడుపుకోండి.