పాస్తా గంజి పారబోయకండమ్మా

ప్రశ్న: అక్కా నమస్తే, మాది ఆమదాలవలస. మొన్న ఆదివారం రాత్రి పిల్లలు పాస్తా పాస్తా అని ఒకటే గొడవ, సరే అని చేశాను, ఇంట్లో ఆరుగురం. టమాటా, ఉల్లిపాయ, అల్లంవెల్లుల్లి పేస్టు, కారం, గరం మసాలా అన్నీ వేసి గ్రేవీ చేసి ఉడికిన పాస్తా అందులో పోసేశాను. పాస్తా ముద్దయిపోయింది, గ్రేవీ మాత్రం నీళ్ళునీళ్ళుగా పక్కకి వచ్చేసింది. మా అత్తయ్య ఒక్క చెంచా తిని "ఏటే అమ్మీ ఇది, పులుసులో సేమ్యా ఏసినట్టున్నాది" అని పెరుగన్నం కలుపుకున్నారు. మామయ్యగారు షాపు కట్టేసి వచ్చేసరికి తొమ్మిదిన్నర, అప్పటికి అది గడ్డ కట్టేసింది. అరగంటలో అయిపోయేలా, పెద్దవాళ్ళు కూడా తినేలా అసలు ఇటాలియన్ సాస్ ఎలా చేస్తారో చెప్పండక్కా.

జవాబు: చెల్లెమ్మా, నీ ఉత్తరం చదవగానే పాస్తా ఉడికించిన నీళ్ళు ఏం చేశావు అని అడగాలనిపించింది. సింకులో వార్చేసుంటావు. గంజి విలువ మనకి ఒకరు చెప్పాలా, తరవాణి తాగి పొలానికెళ్ళిన తాతల ఇళ్ళు మనవి, కానీ పాస్తా దగ్గరకొచ్చేసరికి ఆ గంజినే పారబోసేస్తున్నాం. పాస్తా నుంచి దిగిన పిండి ఆ నీళ్ళల్లో ఉంటుంది, నూనెనీ టమాటా రసాన్నీ కలిపి పట్టుకునేది అదే, అది లేకపోతే నీకు జరిగినట్టే రసం ఒక పక్క పాస్తా ఒక పక్క అయిపోతుంది. పాస్తా వార్చే ముందు రెండు గ్లాసుల గంజి తీసి పక్కన పెట్టుకో, మిగతాది ఎలా చేసినా సగం గెలిచినట్టే.

ఇక వంట. ఆరుగురికి అరకిలో పాస్తా, కిలోన్నర బాగా పండిన టమాటాలు. ప్యాకెట్ మీద డ్యూరమ్ వీట్ సెమోలినా అని ఉందో లేదో చూసి కొను, ఆ గోధుమరవ్వది అయితే ఉడికినా పలుకు ఉంటుంది, మైదాది తొందరగా మెత్తబడిపోతుంది. టమాటాలు రైతు బజారులో నాటువి సగం హైబ్రిడ్వి సగం తీసుకో, నాటువాటికి పులుపు రుచి, హైబ్రిడ్వాటికి కండ. తొక్క తీయడానికి వేడినీళ్ళు అవీ పెట్టక్కర్లేదు, కాయని రెండు ముక్కలు కోసి కొబ్బరి తురిమినట్టు తురుముపీట మీద రుద్దితే గుజ్జు గిన్నెలో పడుతుంది, తొక్క చేతిలో మిగిలిపోతుంది.

ముందు 5 లీటర్ల నీళ్ళు పొయ్యి మీద పెట్టేయ్, అవి మరగడానికే టైమ్ పడుతుంది. రెండో పొయ్యి మీద వెడల్పు మూకుడులో నాలుగైదు పెద్ద చెంచాల ఆలివ్ నూనె, లేకపోతే సన్‌ఫ్లవర్ అయినా పర్లేదు, నూనె చల్లగా ఉండగానే ఏడెనిమిది వెల్లుల్లి రెబ్బలు పల్చగా కోసి వేసి సన్నమంట మీద ఉంచు. పోపులోలాగా ఎర్రగా వేయించావా చేదొచ్చేస్తుంది, తర్వాత ఎన్ని టమాటాలు పోసినా ఆ చేదు పోదు, వాసన రాగానే టమాటా గుజ్జు పోసెయ్యాలి. ఉప్పు వేసి మంట పెంచి మూత పెట్టకుండా 15 నుంచి 20 నిమిషాలు ఉడకనియ్, నూనె అంచుల్లో తేలినప్పుడు అయినట్టు. పులుపు ఎక్కువైతే మనవాళ్ళు పులుసులో వేసినట్టు శెనగ గింజంత బెల్లం వెయ్యి, అంతకు మించితే తియ్యగా అయిపోతుంది.

గరం మసాలా, అల్లం, పసుపు, కరివేపాకు మాత్రం వద్దమ్మా, అవి పడితే టమాటా కూరే అవుతుంది. అత్తయ్యగారికి కారం కావాలంటే వెల్లుల్లితో పాటు రెండు ఎండుమిరపకాయలు తుంచి నూనెలో వెయ్యి. ఇది మనం కలిపింది కాదు, రోమ్ వైపు అరబ్బియాతా అనే సాస్ ఇలాగే చేస్తారు, ఆ మాటకి కోపంగా ఉన్నది అని అర్థం. పరాయి వంట అని ఆవిడ అంటే ఇంకో సంగతి కూడా చెప్పు, మన పాతవాళ్ళు రామ్ములక్కాయ అనే ఈ టమాటా ఇటలీది కూడా కాదు, 16వ శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి యూరప్‌కి వచ్చింది. ఇటలీవాళ్ళ వంటల పుస్తకాల్లో టమాటా సాస్ కనపడేది 1690ల్లో, నేపుల్స్‌లో, అప్పటికి దాన్ని పాస్తాలో కూడా కలపలేదు.

నీళ్ళు తెర్లాక లీటరుకి 10 గ్రాముల లెక్కన ఉప్పు వేసి పాస్తా వెయ్యి, నూనె వెయ్యొద్దు. ప్యాకెట్ మీద 10 నిమిషాలు అని ఉంటే 8కే తీసి సాస్‌లో వేసి ఒక గ్లాసు గంజి పోసి, పెద్దమంట మీద రెండు నిమిషాలు బాగా కలియతిప్పు. సాస్ చిక్కబడి పాస్తాకి అంటుకుపోతుంది, చూస్తేనే తెలుస్తుంది నీకు. గంజిలో ఉప్పుంటుంది కాబట్టి ఆఖర్న రుచి చూశాకే ఉప్పు వేసుకో.

మామయ్యగారి వాటా సాస్ ముందే గిన్నెలోకి తీసి పెట్టు, పాస్తా కూడా గుప్పెడు పచ్చిది ఉంచు. ఆయన వచ్చి కాళ్ళు కడుక్కునేలోపు ఉడికించి కలిపి వేడిగా పెట్టు.

ప్రశ్న: మేం బొబ్బిలిలో ఉంటాం. కార్తీకమాసంలో ఉల్లి వెల్లుల్లి ముట్టం. అప్పుడు ఈ సాస్ కుదురుతుందా? ఇటాలియన్ వంటల్లో వేసే బేసిల్ ఆకు ఇక్కడ దొరకదు, తులసి వెయ్యొచ్చా?

జవాబు: కుదురుతుంది. నూనెతో పాటు ఒక చెంచా వెన్న వేసి టమాటా ఇంకో 10 నిమిషాలు ఎక్కువ ఉడికించండి, వెల్లుల్లి లోటు తెలియదు. మన పూజ తులసి వేరు, బేసిల్ వేరు, తులసికి లవంగంలాంటి ఘాటు ఉంటుంది, సాస్‌లో ఇమడదు. ఎండాకాలం షర్బత్‌లో నానబెట్టుకునే సబ్జా గింజలు ఉన్నాయి కదా, అవి బేసిల్ గింజలే, గుప్పెడు తెచ్చి కుండీలో చల్లండి, మొక్క పెరిగాక ఆకు తుంచి పొయ్యి ఆపేశాక వెయ్యండి.

ప్రశ్న: విజయనగరంలో ఇటాలియన్ చీజ్ దొరకడం లేదు మేడమ్, క్రీమ్ వెయ్యనా?

జవాబు: టమాటా సాస్‌కి క్రీమ్ అక్కర్లేదు, వేస్తే పులుపు చచ్చిపోతుంది. పర్మేసాన్ అనే ఇటాలియన్ చీజ్ కనీసం ఏడాది మాగబెట్టింది, ప్యాకెట్ చీజ్ ముక్కలు దానికి బదులు కావు, సాగిపోయి జిగురవుతాయి. కమ్మగా కావాలంటే పలాస జీడిపప్పు పది గుళ్ళు వేడినీళ్ళలో 15 నిమిషాలు నానబెట్టి మెత్తగా రుబ్బి ఆఖర్న కలపండి. మా ఇంట్లో పిల్లలకి అదే చేస్తాను.