ఖైదీల ఓడలో డాక్టరే హెడ్మాస్టరు: ఆ బడి ఎలా నడిచేది?

ప్రశ్న: బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకు ఖైదీలను తీసుకెళ్లిన ఓడల్లో నేవీ సర్జన్లే బడి కూడా నడిపేవారట. వైద్యుడికి బడితో ఏం పని? నాలుగు నెలల ప్రయాణంలో ఎవరికైనా చదువు వచ్చేదా?

జవాబు: నిజమే. ఉద్యోగం పేరు మాత్రం హెడ్మాస్టరు కాదు, సర్జన్ సూపరింటెండెంట్. కానీ బడి పెట్టడం, పంతుళ్లను ఎంచడం, పరీక్ష చూడడం, తోక జాడించినవాణ్ణి దండించడం, అన్నీ ఆయన నెత్తినే పడేవి.

అసలు ఓడలో అంత అధికారం డాక్టరు చేతికి ఎందుకొచ్చిందో ముందు చూడాలి. 1790లో సిడ్నీ చేరిన రెండో విడత ఓడల్లో సుమారు వెయ్యిమంది ఖైదీలు బయల్దేరితే, దాదాపు నాలుగోవంతు దారిలోనే పోయారు. కాంట్రాక్టరుకు డబ్బు ఎక్కించుకున్న తలల లెక్కన ఇచ్చారు, దింపిన తలల లెక్కన కాదు. ఇక వాళ్లు బతికితే ఎంత, పోతే ఎంత? 1814లో జనరల్ హెవిట్, త్రీ బీస్, సర్రీ అనే మూడు ఓడలు మళ్లీ రోగాలతో, చావులతో చేరాయి. వాటి మీద విచారణ చేసి నివేదిక రాసిన విలియం రెడ్‌ఫర్న్ ఒకప్పుడు నేవీలో సహాయ సర్జనే. 1797లో నోర్ అనే చోట బ్రిటిష్ నావికులు చేసిన తిరుగుబాటు కేసులో శిక్షపడి, తానూ ఖైదీగానే సిడ్నీకి వచ్చినవాడు. ఓడ యజమాని జీతగాణ్ణి కాకుండా నేవీ సర్జన్‌ను పెట్టాలనీ, కెప్టెన్‌కు లొంగని అధికారం అతనికి ఇవ్వాలనీ చెప్పాడు. 1815 నుంచి జరిగిందదే. నేవీ జీతం మీద, ప్రాణాలతో దింపిన ఒక్కో ఖైదీకి అర గినీ, అంటే పది షిల్లింగుల ఆరు పెన్నీలు. ఆ అర గినీని మర్చిపోతే మిగతా కథ అర్థం కాదు.

ఇప్పుడు ఖైదీలుండే ఓడ కింది అంతస్తు చూడండి. సర్జన్ పీటర్ కనింగ్‌హామ్ లెక్క రాసిపెట్టాడు: ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు ఉన్న పలక మంచం మీద నలుగురు. మనిషికి పద్దెనిమిది అంగుళాలు. ఒకడు పక్కకు ఒత్తిగిలితే మిగతా ముగ్గురూ ఒత్తిగిలాల్సిందే. అలాంటి మంచాలు పైనొకటి, కిందొకటిగా రెండు వరసలు. గాలీ వెలుతురూ వచ్చేది పైకెళ్లే ద్వారాల్లోంచి, ఆపైన గుడ్డతో కుట్టిన గొట్టంలాంటి గాలిచాపల్లోంచి. రెండు వందలమంది పగలంతా అక్కడే కూర్చుంటే తడి, కంపు, పేలు, వాటి వెనకే జ్వరం. అందుకని పొద్దున్నే పరుపులు పైకి చేరాలి, నేలను నీళ్లు పోయకుండా ఇసుకతోనూ రాయితోనూ పొడిగా రుద్దాలి, మనుషులు డెక్కు మీదికి రావాలి. వచ్చాక ఏం చేస్తారు? జూదం, తగాదా, దొంగతనం. కాబట్టే బడి. మనుషుల్ని గంటల తరబడి పైన గాలిలో కూర్చోబెట్టడానికి అంతకంటే మంచి సాకు సర్జన్‌కు దొరకలేదు. దిగులుతో ముడుచుకుపోయినవాడికి స్కర్వీ (విటమిన్ సి లోపంతో వచ్చే జబ్బు) ముందు పట్టుకుంటుందని కూడా ఆ రోజుల వైద్యులు నమ్మేవారు. నా దృష్టిలో ఆ బడి సగం వైద్యం, పావు పోలీసు పని, మిగిలిన పావే చదువు. దీన్ని ఒట్టి దయగా చూపించే వ్యాసాలు నాకు రుచించవు.

నడిపిన తీరు ఇలా ఉండేది. మొదటి రెండు మూడు వారాలు బడి ఊసే ఉండదు. అందరూ సముద్రపు వాంతులతో పడి ఉంటారు. ఆ తర్వాత సర్జన్ ఒక్కొక్కణ్ణీ పిలిచి చదివించి చూస్తాడు. చదవడం రాయడం వచ్చినవాళ్లు, చదవడమే వచ్చినవాళ్లు, రెండూ రానివాళ్లు అని మూడు మూటలు కడతాడు. భోజనానికి అప్పటికే ఆరుగురేసి జట్లు ఉంటాయి, ప్రతి జట్టుకూ ఒక పెద్ద. బడి జట్లను మాత్రం వచ్చిన చదువును బట్టి విడిగా కట్టాలి, లేకపోతే వచ్చినవాడికి విసుగు, రానివాడికి సిగ్గు. పంతుళ్లూ ఖైదీలే. దస్తావేజులు ఫోర్జరీ చేసి దొరికిన గుమాస్తా కంటే చేతిరాత బాగున్నవాడు ఓడలో ఎవడుంటాడు! వచ్చినవాడు రానివాడికి చెప్పే ఈ పద్ధతి అప్పటికే బ్రిటన్ బడుల్లో పాకిపోయింది. దాన్ని మద్రాసు పద్ధతి అనేవారు. మద్రాసు అనాథాశ్రమంలో పనిచేసిన ఆండ్రూ బెల్ మన పిల్లలు ఇసుకలో అక్షరాలు దిద్దడం చూసి పట్టుకెళ్లిన పద్ధతి అది.

చదవడానికే పెద్దపీట. రాయాలంటే సిరా, బల్ల, కదలని నేల కావాలి, మూడూ ఓడలో కరువే. పుస్తకాలంటే ఎక్కువగా బైబిలు, ప్రార్థన పుస్తకాలు. చిక్కూ అక్కడే వచ్చేది. ఐరిష్ కాథలిక్కుల చేతిలో ప్రొటెస్టెంట్ల బైబిలు పెడితే చదువు సంగతి పోయి మతం గొడవ మొదలవుతుంది. ఈ బడుల గురించి అందరికంటే ఎక్కువ రాసిన సర్జన్ కాలిన్ ఆరట్ బ్రౌనింగ్‌ను చదివితే డాక్టరు కంటే మతబోధకుడే ఎక్కువ కనిపిస్తాడు. అయినా కొరడా, సంకెళ్లు లేకుండానే ఓడను అదుపులో పెట్టవచ్చని పట్టుబట్టినవాడు.

బడి వేళనూ మందు వేళనూ విడదీసి చూడకండి. స్కర్వీ రాకుండా, సముద్రం మీద మూడు వారాలు గడిచాక రోజూ మనిషికి ఒక ఔన్సు నిమ్మరసం, ఒక ఔన్సు చక్కెర. దీన్ని చేతికిచ్చి పంపితే పని కాదు. పుల్లగా ఉందని పారబోసేవాడొకడు, పొగాకు కోసం అమ్ముకునేవాడొకడు. అందుకే జట్టు జట్టుగా పైకి పిలిచి, చూస్తుండగా తాగించేవారు. అంత చేసినా తప్పేది కాదు. 1835లో జార్జ్ ది థర్డ్ ఓడలో స్కర్వీ ముదిరిపోయి, త్వరగా టాస్మానియాలోని హోబర్ట్ రేవు చేరాలని కెప్టెన్ దగ్గరి దారి పట్టాడు. ఓడ రాతికి కొట్టుకుని వందమందికి పైగా పోయారు.

ఆడవాళ్ల ఓడల్లో చదువుతోపాటు కుట్టుపని. జైళ్ల సంస్కరణకు పాటుపడిన ఎలిజబెత్ ఫ్రై స్త్రీల సంఘం ఒక్కొక్కరికీ ఒక మూట ఇచ్చేది: వంద సూదులు, ఒక ఔన్సు గుండుసూదులు, తెల్ల దారం ఉండలు నాలుగు, రంగు దారాలు, అంగుస్తానా, కత్తెర, రెండు పౌన్ల గుడ్డముక్కలు, చూపు ఆనని వాళ్లకు కళ్లద్దాలు. 1841లో రాజా అనే ఓడలో వెళ్లిన స్త్రీలు దారిలో కుట్టిన బొంత ఇప్పటికీ ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీలో ఉంది.

మరి చదువు వచ్చేదా? అక్షరం రానివాడు నాలుగు నెలల్లో కూడబలుక్కుని చదివే దాకా వచ్చేవాడు. అంతకుమించి నమ్మాలంటే నాకు కష్టమే. ఎందుకంటే ‘ఎక్కినప్పుడు ఇంతమందికి చదువు రాదు, దిగేటప్పటికి ఇంతమందికే రాదు’ అనే లెక్క రాసేది బడి నడిపిన సర్జనే. తన విద్యార్థులకు తానే పరీక్ష పెట్టి, ఫలితం పైవాళ్లకు పంపుతాడు.

సరిచూసుకోవాలంటే దారి ఉంది. సర్జన్ల జర్నళ్లు లండన్ శివారు క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఏడీఎం 101 (నేవీ శాఖ కాగితాలు) వరసలో ఉన్నాయి. ముందు రోగుల వివరాలు, తర్వాత రోగాల పట్టిక, చివర సాధారణ వ్యాఖ్యలు. బడి సంగతి ఉంటే ఆ చివరి పేజీల్లోనే ఉంటుంది. చాలామంది రోగుల దగ్గరే ఆగిపోయి ‘బడి గురించి ఏమీ లేదు’ అనుకుంటారు. సర్జన్ పేరుతో కాకుండా ఓడ పేరు, సంవత్సరం కలిపి వెతకండి. ఒకే ఓడ నాలుగైదుసార్లు తిరిగి ఉంటుంది, సర్జన్ మాత్రం మారుతూ ఉంటాడు. ఆ ఓడ ఖైదీల జాబితా సిడ్నీ లేదా హోబర్ట్ రికార్డుల్లో దొరికితే, చదువు గడిలో రాసినదాన్ని సర్జన్ లెక్క పక్కన పెట్టి చూడండి. రెండూ కలవని చోట నేను జాబితానే నమ్ముతాను, దాన్ని రాసిన గుమాస్తాకు ఆ బడితో ఏ లాభమూ లేదు కాబట్టి.