అడగండి చెబుతాం: ఫతే దర్వాజాలో ఆ వంకర దారేంటి?

ప్రశ్న: మొన్న ఆదివారం మా బాబుని గోల్కొండ చూపించడానికి తీసుకెళ్లాం. ఫతే దర్వాజా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాం. ఇంత పెద్ద కోట కట్టినవాళ్లు దారి తిన్నగా ఎందుకు పెట్టలేదు, తలుపులకి ఆ మేకులేంటి అని వాడు ఒకటే అడగడం. ఇంత కట్టుదిట్టం చేసుకున్నా ఔరంగజేబు ఎలా లోపలికి వచ్చాడన్నది నా సందేహం.
– ఒక పాఠకురాలు, మెహిదీపట్నం

జవాబు: మీరు ఇరుక్కున్నారంటే ఆ దర్వాజా ఇప్పటికీ డ్యూటీలోనే ఉందన్నమాట.

నేను లంగర్‌హౌజ్‌లో పెరిగినవాణ్ణి. ఆషాఢంలో బోనాలు మొదలయ్యేది గోల్కొండలోనే కదా. మా అమ్మ నెత్తిన బోనం పెట్టుకుని ఫతే దర్వాజా దాకా చకచకా నడిచేది. గోడ మలుపు రాగానే మాత్రం అడుగు ఆపేది. అవతల నుంచి రిక్షా వస్తోందో, ఎడ్లబండి వస్తోందో కనబడదు మరి. నేను ముందుకి ఉరికి చూసొచ్చి, "రావే అమ్మా, ఎవ్వరూ లేరు" అంటేనే కదిలేది.

కోట కట్టినవాళ్లకి కావాల్సింది కూడా అదే. వచ్చేవాడికి ముందేముందో కనబడకూడదు, వేగం అందకూడదు. ఆ రోజుల్లో కోట తలుపులు బద్దలుకొట్టే పని ఏనుగుది. దూరం నుంచి పరుగున వచ్చి నుదుటితో గుద్దితే ఎంత మందం తలుపైనా ఎన్ని దెబ్బలు ఆగుతుంది? దారి మలుపు తిరిగిందనుకోండి, దానికి పరుగు తీసే జాగా ఉండదు. తలుపు దాకా వచ్చినా ఆ మేకులు నుదుటికి గుచ్చుకుంటాయి. బెదిరిన ఏనుగు వెనక్కి తిరిగితే తొక్కేది తనను తోలుకొచ్చినవాళ్లనే. బాబుకి ఈ మాట చెప్పండి, సంబరపడతాడు.

లోపలి కోటకి వెళ్లే బాలా హిస్సార్ దర్వాజా ముందు ఒక అడ్డుగోడ ఉంటుంది, చూశారా? ఎదురుగా నిలబడి తలుపుకి గురి పెట్టే వీల్లేకుండా కట్టింది. దాన్ని చుట్టుకునే లోపలికి వెళ్తాం, కానీ ఎవరూ పట్టించుకోరు. అందరి ధ్యాసా గుమ్మటం కింద చప్పట్లు కొట్టడం మీదే. ఈసారి వెళ్తే చప్పట్ల కన్నా ముందు తలెత్తి చూడండి. ద్వారం పైన గచ్చుతో మలిచిన సింహాలు, యాళులు (సింహాన్ని పోలిన ఊహా జంతువులు) ఉంటాయి. కుతుబ్ షాహీల కోట గుమ్మం మీద మన గుళ్లలో కనబడే యాళి!

ఇక మీ సందేహం. 1687లో ముట్టడి ఎనిమిది నెలలు సాగింది. మొగలులు సొరంగాలు తవ్వి మందుగుండు కూరితే అది వాళ్ల మీదకే పేలింది. మే నెలలో ఒక రాత్రి మొగలు సేనాని ఫిరోజ్ జంగ్ మనుషులు చప్పుడు లేకుండా గోడ ఎక్కుతుంటే ఒక ఊరకుక్క మొరిగి కాపలావాళ్లని లేపిందట. ఆ కుక్కకి గోల్కొండ నవాబు తానీషా బంగారు గొలుసు వేయించాడని ఖాఫీ ఖాన్ రాశాడు. మొగలుల పక్షం చరిత్రకారుడే రాశాడు కాబట్టి నాకైతే నమ్మాలనే ఉంది. (ఆ రాత్రి పరువు పోగొట్టుకున్న ఫిరోజ్ జంగ్ కొడుకే తర్వాత మన మొదటి నిజాం.)

చివరికి సెప్టెంబరులో, ఇంకా తెల్లవారకముందే, అబ్దుల్లా ఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తిని కోట తెరిచాడు. తెరిచింది పెద్ద తలుపు కాదు, కిడికీ. ఊళ్లలో పాత గడీలకి మనిషి వంగి దూరే దిడ్డి దర్వాజ ఉంటుంది చూడండి, ఆ మాదిరిది. రాత్రిపూట ఎవరో ఒకరు వస్తూ పోతూ ఉంటారు, ప్రతిసారీ పెద్ద తలుపులు లాగలేరు కదా, అందుకని పెట్టుకునేది. ఏనుగు కోసం ఇంత ఆలోచించిన కోటలోకి ఏనుగు తొండం కూడా పట్టని సందులోంచి కొద్దిమంది దూరారు. లోపలికి వచ్చాక పెద్ద తలుపు తియ్యడం ఎంతసేపు? మేకులన్నీ బయటివైపే ఉన్నాయి.

అబ్దుల్ రజాక్ లారీ అనే సర్దారు మాత్రం జీను కూడా వెయ్యని గుర్రం ఎక్కి ఎదురెళ్లి, ఒళ్లంతా గాయాలతో పడిపోయాడు. తానీషాని దౌలతాబాద్ కోటలో బంధించారు. మొగలు సేన విజయంతో నడిచిన ద్వారం కాబట్టి 'ఫతే' అన్న పేరు వచ్చిందంటారు. అంటే మనం రోజూ పలికేది గెలిచినవాడు పెట్టుకున్న పేరు.

ప్రశ్న: హైదరాబాద్ పాత నగరం చుట్టూ ఉన్న గోడకి కూడా దర్వాజాలుండేవట. ఇప్పుడేమైనా మిగిలాయా?
– ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: రెండే. ఒకటి 1578 నాటి పురానాపూల్ వంతెన కొసన ఉంది. రెండోది దబీర్‌పురాలో. చాదర్‌ఘాట్ దర్వాజా, అఫ్జల్ దర్వాజా లాంటివి ఇప్పుడు పాత ఫొటోల్లోనే. మీకు దబీర్‌పురా దగ్గర, ఎంఎంటీఎస్ ఎక్కి దబీర్‌పురా స్టేషన్‌లో దిగండి. పొద్దున్నే వెళ్తే మంచిది, తర్వాత ఆటోల మధ్య నిలబడి చూడ్డానికి కుదరదు.