అన్సాన్ స్టేషన్లో దిగితే సముద్రం ఎందుకు కనపడలేదంటే

దక్షిణ కొరియాలో సియోల్ దగ్గరి సముద్రపు ఊరు అన్సాన్‌కి వెళ్లినా సముద్రం కనపడలేదన్నారు కదా, మీరు దిగిన చోటే తేడా. సియోల్ నుంచి మెట్రో 4వ లైన్లో అన్సాన్ స్టేషన్‌కి వెళ్తే వచ్చేది ఫ్యాక్టరీల వైపు, వలస కార్మికుల వీధి వైపు (తిండికి మాత్రం భలే చోటు). సముద్రం కావాలంటే అదే ఊరి కిందకొచ్చే దెబుదో దీవికి పోవాలి.

1. 4వ లైన్ చివరిదాకా, అంటే ఒయిదో వరకు వెళ్లండి. కొన్ని రైళ్లు మధ్యలోనే ఆగిపోతాయి, బోర్డు మీద ఆఖరి స్టేషన్ పేరు చూసి ఎక్కండి.

2. అక్కడి నుంచి దెబుదోకి బస్సు. సముద్రానికి అడ్డంగా కట్టిన దాదాపు 11 కిలోమీటర్ల షిహ్వా కట్ట మీదుగా పోతుంది, ఆటుపోట్లతో నడిచే కరెంటు కేంద్రం (254 మెగావాట్లు, 2011 నుంచి) దారిలోనే. బస్సు టైమింగ్‌లకు నేవర్ మ్యాప్ (కొరియా వాళ్ల మ్యాప్ యాప్) చూడండి.

3. అందరూ మర్చిపోయేది ఇదే: ఆటుపోట్ల టైమ్. దీవి దక్షిణాన తాన్దో రేవు నుంచి నూఎసమ్ అనే చిన్న దీవికి నడిచే దారి పోటు వస్తే మునిగిపోతుంది, ఆటు ఉన్నప్పుడే తేలుతుంది, అది కూడా రోజూ ఒకే టైమ్‌కి కాదు. ఆ రోజు టైమ్ చూసుకునే ఇంట్లోంచి కదలండి, నీళ్లు తిరిగి రాకముందే ఒడ్డుకి వచ్చేయండి.

ఆకలేస్తే క్లామ్ గవ్వల ఖల్గుక్సు, అంటే కత్తితో కోసిన నూడుల్స్ సూప్.